ఎవరూ బలవంతపెట్టకుండానే ఆ కుర్రాళ్ళంతా యుద్ధానికి ఎందుకెళ్ళారు?

బ్లాక్‌బర్న్ సుధ:

అందరికీ నమస్తే అండీ. మేం నాలుగేళ్ళుగా ఇంగ్లండులో, లాంకషైర్ వైపు బ్లాక్‌బర్న్‌లో ఉంటున్నాం. మా పెద్దాడికి బడిలో మొదటి ప్రపంచ యుద్ధం పాఠం నడుస్తోంది. మొన్న శనివారం వాణ్ణి పక్క ఊరు యాక్రింగ్టన్ తీసుకెళ్ళాం. అక్కడ ఓక్ హిల్ పార్కులో యుద్ధంలో పోయినవాళ్ళ స్మారకం ఉంది. రాతి మీద పేర్లు, పేర్లు, పేర్లు. చదువుతూ పోతే మెడ నొప్పి వచ్చిందే గానీ పేర్లు అయిపోలేదు.

ఈ ఊరివాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళతో కలిసి ఒకే పటాలంగా చేరారట, దాన్ని ‘యాక్రింగ్టన్ పాల్స్’ అంటారు. పాల్స్ అంటే నేస్తాలు. 1914 సెప్టెంబరులో పది రోజుల్లో వెయ్యి మంది పోగయ్యారు. 1916 జులై 1 పొద్దున ఫ్రాన్సులో సెర్ అనే పల్లె ముందు సుమారు 720 మంది కందకం దాటి కదిలితే, అరగంటలో 584 మంది చనిపోవడమో, గాయపడడమో, గల్లంతవడమో జరిగింది.

నా సందేహం ఇది. వీళ్ళు చేరేనాటికి బ్రిటన్‌లో నిర్బంధ సైనిక సేవ లేదు. ఆ చట్టం 1916 జనవరిలో గానీ రాలేదు. అంటే వీళ్ళంతా తమంతట తాము వెళ్ళినవాళ్ళే. ఎందుకు? సరే, తెలియక వెళ్ళారనుకుందాం. అక్కడి సంగతి కళ్ళారా చూశాక ఎందుకు నిలబడ్డారు? ‘మూడు కారణాలు రాయండి’ అని హోంవర్క్ ఇచ్చారు. మావాడు నెట్‌లో చూసి దేశభక్తి, జీతం, సాహసం అని గీకేసి ఆడుకోవడానికి పోయాడు. నాకే నిద్ర పట్టట్లేదు.

రిటైర్డ్ సాపర్, తణుకు:

అమ్మా సుధా, మూడు కారణాలు రాయమన్న టీచర్‌గారికి ఓ దండం. నన్నడిగితే నా సంగతే మూడు కారణాల్లో చెప్పలేను.

నేను 1983లో మిలట్రీలో చేరాను. బెంగళూరు, మద్రాస్ సాపర్స్, అంటే సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే దళం. హవల్దారుగా రిటైరయ్యాను. కిందటేడు ఆగస్టు పదిహేనుకి మా మనవరాలి బడిలో మైకిచ్చి ‘ఎందుకు చేరారు తాతగారూ’ అంటే ‘దేశం కోసం’ అన్నాను. అబద్ధం కాదు. కానీ రాజమండ్రిలో భర్తీకి బయల్దేరిన పొద్దున నా బుర్రలో దేశం లేదు. ఇంటర్ తప్పాను. మా నాన్న నాతో మాట్లాడ్డం మానేశాడు, అన్నం దగ్గర కూడా అమ్మతోనే చెప్పించేవాడు. మా వీధి సత్యం భర్తీకి వెళ్తున్నాడు, వాడికి సైకిలుంది. వెనక క్యారేజీ మీద ఎక్కి స్టేషన్‌కి పోయాను. అంతే. వాడికా పొద్దున జ్వరం వచ్చుంటే నేనీపాటికి తణుకులో ఎరువుల కొట్టు నడుపుతూ ఉండేవాణ్ణి.

బరువు కిలోన్నర తక్కువొచ్చాను. అక్కడ ఓ హవల్దార్ సాబ్ నా వంక చూసి ‘బయటికెళ్ళి అరటిపళ్ళు తినిరా, మళ్ళీ తూస్తాం’ అన్నాడు. డజను తిన్నాను, సత్యం డబ్బులే. తర్వాతెప్పుడో చదివాను, 1914లో ఇంగ్లండులోనూ ఇదే తంతు. సైన్యంలో చేరడానికి పద్దెనిమిది నిండాలి, సముద్రం దాటించడానికి పంతొమ్మిది. పదహారేళ్ళ కుర్రాడు నిజం చెప్పేస్తే, ‘అలా వీధి చివరిదాకా నడిచిరా, ఈలోగా నీకు వయసొస్తుందేమో’ అనేవాళ్ళట సార్జెంట్లు. నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వు పోయింది.

మాకు దగ్గర్లో తాడేపల్లిగూడెం పక్కన మాధవరం ఉంది. మిలట్రీ మాధవరం అంటారు, ఇంటికొకడైనా సైన్యంలో ఉంటాడు. అక్కడి కుర్రాణ్ణి ఎందుకు చేరావురా అంటే నీకు మతిపోయిందా అన్నట్టు చూస్తాడు. అక్కడ చేరనివాడే కారణం చెప్పుకోవాలి. మాధవరం అలా అవడానికి తరాలు పట్టింది. 1914 సెప్టెంబరులో యాక్రింగ్టన్ పది రోజుల్లో అలా తయారైంది.

ఎలా తయారైందంటే, మీరుండే బ్లాక్‌బర్న్ సంగతే చూడండి. అప్పట్లో అక్కడ మన పంచెలు నేసేవారు. అవునమ్మా, మన దేశంలో అమ్మడానికే అంచు పంచెలు. మనవాళ్ళు మాంచెస్టర్ గుడ్డ అని తిట్టుకున్నది అక్కడిదే. యుద్ధం మబ్బులు కమ్మగానే జులై 31న లివర్‌పూల్ పత్తి ఎక్స్ఛేంజీ మూసేశారు. ఓడలు కదల్లేదు, మిల్లులు సగం సగం నడిచాయి. యాక్రింగ్టన్‌లో జౌళి యంత్రాలు చేసే పెద్ద కార్ఖానాలో అంతకు ముందే, జులైలోనే తగాదా వచ్చి వేలమంది గేటు బయట ఉన్నారు. అంటే ఆగస్టు నాటికి ఆ ఊరి కుర్రాళ్ళు పని లేక, చేతిలో చిల్లర లేక, వీధి అరుగుల మీద ఉన్నారు. సైన్యంలో రోజుకి షిల్లింగు, తిండి, బట్ట. పెళ్ళయినవాడైతే ఆ అక్టోబరు నుంచి ఇంటి దగ్గర భార్యకు వారానికి 12 షిల్లింగుల 6 పెన్నీలు. ఖాళీ కుండ ముందు ఇది చిన్న మాట కాదు.

అలాగని ఇది కడుపు కథే అని తేల్చేయకండి. మంచి ఉద్యోగాల్లో ఉన్న గుమస్తాలూ ఎగబడ్డారు. లివర్‌పూల్‌లో లార్డ్ డెర్బీ అనే జమీందారు ఆగస్టు 28న సభ పెట్టి ఓడ కంపెనీల, బీమా ఆఫీసుల కుర్రాళ్ళకి ఒక్క మాటిచ్చాడు: కలిసి చేరండి, కలిపే ఉంచుతాం. ఆ ఒక్క మాటతో భయం సగం పోతుంది. ఒంటరిగా భర్తీకి వెళ్ళడం వేరు, పక్క టేబులువాడు, చర్చిలో పక్క బెంచీవాడు, ఫుట్‌బాల్ జట్టు గోల్‌కీపరు అందరూ కలిసి వెళ్ళడం వేరు. అప్పుడది యుద్ధంలా ఉండదు, తీర్థానికి బండి కట్టినట్టుంటుంది. బండి కదిలాక అరుగు మీద ఒక్కడివే మిగిలితే ఎలా ఉంటుందో మగపిల్లాడిగా పుట్టినవాడెవడికైనా తెలుస్తుంది.

అట్టల పుస్తకం:

సాపర్ గారూ, సైకిలు సంగతి అదిరింది. కానీ మీరు చెప్పింది బ్రిటన్ వరకే సరిపోతుంది. ఫ్రాన్సు, జర్మనీల్లో ‘ఎందుకు చేరారు’ అనే ప్రశ్నే లేదు. ఇరవై ఏళ్ళు రాగానే సైనిక శిక్షణ, తర్వాత రిజర్వు, యుద్ధం రాగానే పిలుపు. 1914 ఆగస్టు 1న ఫ్రెంచి పల్లెల్లో చర్చి గంటలు మోగేసరికి జనం కోతల మీద ఉన్నారు. పారిస్ స్టేషన్లలో పూలు, పాటలు ఫొటోల్లో చూస్తాం గానీ, పల్లెల్లో ఎక్కువగా కనిపించినవి నిశ్శబ్దం, ఏడుపులు.

ఇంకోటి. ‘క్రిస్మస్‌కల్లా ఇంటికొచ్చేస్తాం అనుకుని ఉత్సాహంగా చేరారు’ అని బడి పుస్తకాల్లో రాస్తారు. లెక్కలు వేరే చెప్తాయి. బ్రిటన్‌లో చేరికలు ఉప్పెనలా వచ్చింది యుద్ధం ప్రకటించిన ఆగస్టు 4న కాదు. బెల్జియంలో మోన్స్ దగ్గర బ్రిటిష్ సేన వెనక్కి తగ్గిందనీ, బాగా దెబ్బతిన్నదనీ ఆగస్టు నెలాఖరులో పత్రికల్లో వచ్చాకే. సెప్టెంబరు 3 ఒక్కరోజే 33,204 మంది చేరారు. మొత్తం యుద్ధంలో అంతమంది ఒక్కరోజులో మళ్ళీ చేరలేదు. అంటే గెలుస్తున్నామని కాదు, ఓడిపోతామేమోనని వెళ్ళారు. దానికి తోడు బెల్జియం. ఆగస్టు 25న జర్మన్లు లూవెన్‌లో విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని తగలబెట్టారు, పౌరుల్ని కాల్చారు. పత్రికలు దానికి చిలవలు పలవలు అల్లిన మాట నిజమే, కానీ అసలుకి అసలు జరిగింది. ‘అక్కడ జరిగింది రేపు మన వీధిలో’ అన్న భయం అమాయకత్వం కాదు.

రద్దీ ఎంతంటే, మొదట 5 అడుగుల 3 అంగుళాలుంటే చాలన్న ఎత్తుని సెప్టెంబరు 11న 5 అడుగుల 6 అంగుళాలకు పెంచి జనాన్ని ఆపారు. జోరు తగ్గాక మళ్ళీ దించారు.

సిగ్గుపరచడం గురించి మీరు రాయలేదు. ఆగస్టు 30న ఫోక్‌స్టన్‌లో పెన్రోజ్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే మాజీ నౌకాదళాధికారి ముప్పై మంది ఆడవాళ్ళను పోగేసి, యూనిఫాం లేకుండా వీధిలో కనిపించిన మగాడికల్లా తెల్ల ఈక ఇప్పించాడు, పిరికిపంద అన్న గుర్తుగా. అది దేశమంతా పాకింది. సెలవు మీద ఇంటికొచ్చి మామూలు బట్టల్లో ఉన్న సైనికులకీ అంటించారు.

మన సంగతి కూడా ఒక ముక్క. మొదటి ప్రపంచ యుద్ధం అనగానే మనవాళ్ళు పది లక్షల మంది వెళ్ళారని గర్వంగా చెప్పుకుంటాం. సిపాయికి నెలకి 11 రూపాయలు. 1914 సెప్టెంబరు నెలాఖరులో ఫ్రాన్సు రేవు మార్సేల్స్‌లో దిగిన భారతీయ దళాలకు బెల్జియం ఎక్కడో, జర్మన్ చక్రవర్తి కైజర్ ఎవరో తెలియాల్సిన పనే లేదు. వాళ్ళు ఇంటికి రాసిన ఉత్తరాలను సెన్సారు చేసినవాళ్ళు కొన్నిటిని అనువదించి ఉంచారు కాబట్టి వాళ్ళ మనసు మనకు కొంత తెలుసు. మళ్ళీ మళ్ళీ వచ్చే మాట ‘ఇజ్జత్’. తిన్న ఉప్పు, ఊళ్ళో పరువు. పోరాడే దళాల్లో సగానికి పైగా పంజాబు నుంచే. మద్రాసు వైపు నుంచి అంతగా తీసుకోలేదు, కారణం ‘యుద్ధ జాతులు’ అన్న ఆంగ్లేయుల పిచ్చి సిద్ధాంతం. మీ సాపర్లు, పయనీర్లు దానికి మినహాయింపు.

ఎర్రమల్లె:

ఇంత చర్చ అవసరమా? మార్కెట్ల కోసం దొరలు కొట్టుకున్నారు, కూలోళ్ళు చచ్చారు. అదీ కారణం. అన్ని దేశాల కార్మికులూ ఒక్కటే అని తీర్మానాలు చేసిన జర్మన్ సోషల్ డెమొక్రాట్లు ఆగస్టు 4న పార్లమెంటులో యుద్ధ రుణాలకు చేతులెత్తారు. యుద్ధం వద్దన్న ఫ్రెంచి సోషలిస్టు నాయకుడు జాన్ జోరెస్‌ను అంతకు ముందే జులై 31న పారిస్ హోటల్లో కాల్చి చంపారు. మీ యాక్రింగ్టన్ కార్మికుడు గేటు బయట నిలబెట్టిన యజమానితో పోరాడ్డం మాని, తనలాంటి జర్మన్ కార్మికుడిని కాల్చడానికి వెళ్ళాడు. దీన్ని స్నేహం అని పొగడకండి. నిజమైన ధైర్యం నేను తుపాకి పట్టను అన్న పదహారు వేల మంది బ్రిటిష్ వాళ్ళది. వాళ్ళని జైల్లో పెట్టారు.

రిటైర్డ్ సాపర్, తణుకు:

ఎర్రమల్లె గారూ, యుద్ధం ఎందుకొచ్చిందో మీరు చెప్పారు. మనిషి ఎందుకు వెళ్ళాడో సుధ అడిగింది. రెండూ వేరండీ. గోదారికి వరదెందుకొచ్చిందో కలెక్టరాఫీసు చెప్తుంది, మా పెదనాన్న ఇల్లు వదలకుండా ఎందుకు కూర్చున్నాడో మా పెద్దమ్మనడగాలి. తుపాకి పట్టననడం ధైర్యమే, నేను కాదనను. పదహారు వేల మందినీ జైల్లో పెట్టలేదు లెండి. చాలామందికి వేరే పనులు అప్పగించారు. సుమారు ఆరు వేల మందికి జైలు.

పొగడ్డం అంటారా. అట్టల పుస్తకం గారు ఎత్తు సంగతి రాశారు గానీ, ఊరంతా ఒకే పటాలంలో చేరడం వల్ల ఏమైందో రాయలేదు. ఒకే పొద్దున ఊరు ఊరంతా పోయింది. మొదట యాక్రింగ్టన్ పత్రికల్లో మనవాళ్ళు బాగా చేశారనే వచ్చింది. తర్వాత గాయపడ్డవాళ్ళ ఉత్తరాలు రావడం మొదలైంది, ఒక వీధి తర్వాత ఒక వీధి కిటికీలకు తెరలు దించేశారు. నిజం చెప్పండంటూ జనం మేయరింటిని చుట్టుముట్టారని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పటాలాన్ని పోగేసింది ఆ మేయరే. కలిసి చేరితే కలిపే ఉంచుతాం అన్న మాట నిలబెట్టుకున్నారు మరి. సెర్ దగ్గర వాళ్ళకి కట్టిన స్మారకం యాక్రింగ్టన్ ఎర్ర ఇటుకలతోనే కట్టారు.

ఇక రెండో ప్రశ్న, చూశాక ఎందుకు నిలబడ్డారు.

శిక్ష భయం ఉంది. బ్రిటిష్ సైన్యం పారిపోయినందుకు, పిరికితనానికి, ఇంకా అలాంటి నేరాలకు 306 మందిని తన తుపాకులతోనే కాల్చింది. 2006లో గానీ వాళ్ళకి క్షమాభిక్ష రాలేదు. కానీ లక్షల మంది సైన్యంలో 306 అంటే లెక్కకి ఎక్కువ కాదు. భయం ఒక్కటే అయితే సరిపోదు. నాకు తెలిసిందొకటి చెప్తాను, బయటివాళ్ళు నమ్మరు. సైనికుడి బతుకులో ఎక్కువ భాగం యుద్ధం కాదు. కందకంలో కూడా కొన్ని రోజులు ముందు వరసలో, కొన్ని రోజులు వెనక, తర్వాత ఇంకా వెనక్కి, ఇలా తిప్పేవాళ్ళు. మిగిలిన కాలమంతా తవ్వడం, మోయడం, పేలు చూసుకోవడం, టీ కాచుకోవడం, ఉత్తరం ఎప్పుడొస్తుందా అని చూడ్డం. రేపేంటి అన్నదే తప్ప యుద్ధమేంటి అన్నది ఎవడికీ తోచదు. పొద్దున్నే చిన్న గుక్కెడు రమ్ము. లంగర్‌లో, అంటే మా మిలట్రీ వంటశాలలో, పప్పు మాడిందని మేం తిట్టుకున్నట్టే వాళ్ళూ డబ్బా మాంసాన్ని తిట్టుకున్నారు. తిట్టుకోడానికి తోడున్నంతకాలం మనిషి చాలా ఓర్చుకుంటాడు.

ఓర్చుకోలేనప్పుడు ఏం చేశారో చూడండి. 1917లో ఫ్రెంచి సేనాధిపతి నివెల్ చేయించిన దాడి ఘోరంగా పోయాక ఫ్రెంచి సైన్యంలో సగం డివిజన్లలో తిరుగుబాటు వచ్చింది. పారిపోయారా? ఎక్కువమంది పారిపోలేదు. కందకాలు వదలం, జర్మన్లొస్తే ఆపుతాం, పనికిమాలిన దాడికి మాత్రం వెళ్ళం అన్నారు. సెలవులిమ్మన్నారు, మంచి తిండి పెట్టమన్నారు. నివెల్ స్థానంలో పెటైన్ వచ్చి దాదాపు యాభై మందిని కాల్పించాడు, మిగతావాళ్ళకి సెలవులు, తిండి ఇచ్చాడు. అది పిరికితనమా? కూలి రేటు మాట్లాడుకున్నట్టు చావు రేటు మాట్లాడుకున్నారు. ఎర్రమల్లె గారూ, మీకు నచ్చే ఉదాహరణే ఇచ్చాను చూడండి.

మీకు నచ్చనిది ఇంకోటుంది. సీగ్‌ఫ్రీడ్ ససూన్ అనే అధికారి. సాహసానికి పతకం వచ్చినవాడు. 1917లో ఈ యుద్ధాన్ని కావాలనే సాగదీస్తున్నారు, నేనిక ఇందులో ఉండను అని ప్రకటన రాశాడు. దాన్ని పార్లమెంటులో చదివారు. జైల్లో పెడితే గోల అవుతుందని మతి చలించిందన్న పేరు పెట్టి ఎడిన్‌బరో దగ్గర ఆసుపత్రికి పంపారు. హాయిగా అక్కడ గోల్ఫ్ ఆడుకుంటూ యుద్ధం అయ్యేదాకా ఉండొచ్చు. ఉండలేకపోయాడు. అడిగి మరీ వెనక్కి వెళ్ళాడు. మనసు మారి కాదు, యుద్ధం తప్పన్న మాట మీదే ఉన్నాడు. అక్కడ వాళ్ళుండగా నేనిక్కడ ఎలా ఉండను అన్నదే ఆయన బాధ. 1918 జులైలో తలకి గుండు తగిలింది గానీ బతికాడు.

అట్టల పుస్తకం:

నివెల్ మీద మీరు చెప్పింది ఒప్పుకుంటాను. ‘చావు రేటు’ మాట అప్పు తీసుకుంటున్నా, తిరిగివ్వను.

బ్లాక్‌బర్న్ సుధ:

అందరికీ థాంక్స్ అండీ. మా వాడు మూడు కారణాలూ కొట్టేసి కొత్తగా రాస్తానని కూర్చున్నాడు, సైకిలున్న స్నేహితుడి మీద ఒక పేజీ రాశాడు. టీచర్ ఏమంటారో ఏమో.

బాబాయ్ గారూ, ఒకటడుగుతాను, ఇష్టం లేకపోతే చెప్పొద్దు. మీకెప్పుడైనా వెనక్కి వెళ్ళకూడదనిపించిందా?

రిటైర్డ్ సాపర్, తణుకు:

అనిపించిందమ్మా. 1988లో. శ్రీలంకలో ఉన్నాం అప్పుడు. మా పని రోడ్ల మీద పాతిపెట్టిన మందుపాతరలు తీయడం. సత్యం, నేను ఒకటే కంపెనీ. నాకు నెల సెలవిచ్చారు, ఇంటికొచ్చాను. అప్పటికి మా నాన్న నాతో మాట్లాడుతున్నాడు. సెలవు అయిపోవడానికి మూడు రోజుల ముందు కడుపులో ఏదో మొదలైంది. అన్నం దిగేది కాదు. డాక్టరు చీటీ ఒకటి రాయించుకుంటే ఇంకో నెల గడుస్తుంది, ఈలోగా ఏదోటి అవుతుంది అనుకున్నాను. మా ఊళ్ళో చీటీ రాసే ఆర్ఎంపీ ఉన్నాడు కూడా.

రేపు వెళ్తాననగా సాయంత్రం సత్యం వాళ్ళమ్మ వచ్చింది. మూడు కిలోల ఆవకాయ జాడీ, మూతికి గుడ్డ కట్టి, చుట్టూ చీర ముక్కలు చుట్టి తెచ్చింది. ‘వాడికి అక్కడి తిండి సయించట్లేదంట బాబూ, కొంచెం జాగ్రత్తగా తీసుకెళ్ళు, నూనె కారుతుందేమో’ అంది. అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ జాడీ ముందేసుకుని రాత్రంతా కూర్చున్నాను. చీటీ రాయించుకోవచ్చు. జాడీ ఎవరితో పంపను?

మద్రాసు వరకు రైల్లో ఒళ్ళో పెట్టుకున్నాను. అక్కణ్ణుంచి ఓడ. ట్రింకోమలీలో దిగేసరికి నూనె నిజంగానే కారింది, నా యూనిఫాం ప్యాంటు మీద ఎర్రగా ఇంత మచ్చ. సుబేదార్ సాబ్ చూసి గాయమనుకుని కంగారు పడ్డాడు. సత్యం వాసన పట్టేసి వాకిట్లోకి పరిగెత్తుకొచ్చాడు, నన్ను పలకరించకుండా ముందు జాడీ లాక్కున్నాడు వెధవ.